పురుగు కడుపులోని సూక్ష్మజీవులు - పైరు రక్షణ

(మొయినాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములు హైదరాబాదు నగరమునకు కూరగాయలను, పూలను అందించుచున్నవి. ఇచ్చటి వాననీరు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములకు చేరుచున్నది. కావున మన పొలములలో చల్లు ప్రతి మందును గూర్చి రెండు మారులు ఆలోచింపవలసిన బాధ్యత మనపై గలదు. పురుగును చంపుటకు విషమొక్కటియే మార్గమా? పురుగు కడుపులోనే దానికి శత్రువులు పొంచియుండవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నేడు ఆ విషయమునే మీకు మనవి చేసెదను.

పాలు తోడుకొనుట సూక్ష్మజీవుల పని. పశువు మేసిన గడ్డి జీర్ణమగుటయు దాని పొట్టలోని సూక్ష్మజీవుల వలననే. అట్లే పురుగుల ప్రేగులందును సూక్ష్మజీవులు గలవు. అవి పురుగునకు ఒకప్పుడు మేలును, ఒకప్పుడు కీడును చేయును.

'బి.టి.' యను పేరు ప్రత్తి రైతులెల్లరు విన్నదే. ఇది బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి. 1901లో జపానుదేశమున ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు జబ్బుపడిన పట్టుపురుగులలో దీనిని కనుగొనెను. మన పొరుగుననే, రాజేంద్రనగరునందలి భారతీయ నూనెగింజల పరిశోధనా సంస్థవారు ఆముదపు దాసరి పురుగును అరికట్టుటకు బి.టి. పొడిని రూపొందించిరి.

ఈ పొడిలో కంటికి కానరాని స్ఫటికములుండును. పురుగు ఆకుతోపాటు వాటిని మ్రింగగా, అవి ప్రేగులోని క్షారరసమున కరగి, ప్రేగుగోడకు రంధ్రములు చేయును. పురుగు తిండి మానును. పిదప దానిని చంపునదెవరు?

2006లో అమెరికా శాస్త్రజ్ఞులు జిప్సీమాత్ అను అడవి పురుగుకు యాంటీబయాటిక్ మందు తినిపించి, ప్రేగులోని సూక్ష్మజీవులను తొలగించిరి. అప్పుడు బి.టి. దానిని చంపలేకపోయెను. ఒక సూక్ష్మజీవిని మరల చేర్చగా పురుగు చచ్చెను. కన్నము వేసినది బి.టి.; ఇల్లు కూల్చినది ఇంటిలోనివారు! అయితే 2009లో ఇతర పురుగులపై జరిపిన పరీక్షలలో, ఈ సూక్ష్మజీవులు లేకున్నను బి.టి. పనిచేసెను. కావున అన్ని పురుగులకు ఒకే సూత్రము చెల్లదు.

ఇక కీడు సంగతి. ఒకే మందును మాటిమాటికి వేసిన నేలలో ఆ మందును విరిచివేయు సూక్ష్మజీవులు పెరుగుననియు, చిక్కుడు జాతి పైర్లను పీల్చు ఒక నల్లి వాటిని కడుపున చేర్చుకొని మందును తట్టుకొనుననియు 2012లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మన డబ్బుతో మనమే పురుగునకు కవచము తొడిగినట్లయినది గదా!

కావున ఈ మాటలు మీ గ్రామములలో చెప్పుడు. బి.టి. పొడిని యాంటీబయాటిక్ మందులతో కలిపి చల్లరాదు; బి.టి.యు సూక్ష్మజీవియే యని మరువరాదు. పురుగు చిన్నదిగా నున్నప్పుడే, ఆకుల అడుగుభాగము తడియునట్లు సాయంకాలము చల్లవలెను. ఎండకు దాని బలము తగ్గును. పురుగు చచ్చుటకు రెండు మూడు దినములు పట్టవచ్చును. మరునాడు పురుగు కదలుచున్నదని మరొక విషము కొట్టుట ధనము దండుగ. అది తిండి మానినదా యని మాత్రము చూడవలెను. దాసరి పురుగు వెనుక భాగమున చిన్న గూడు కనిపించినచో, అది రైతునకు మిత్రమైన చిన్న కందిరీగది, దానిని చెరుపరాదు. మల్బరీ తోటల చెంత బి.టి. చల్లరాదు, పట్టుపురుగులును చచ్చును.

బి.టి.నే నమ్ముకొనుటయు తగదు. క్యాబేజీని తిను డైమండు రెక్కల పురుగు పలుదేశములలో దీనిని తట్టుకొన్నది. 2002లో మన దేశమున అనుమతి పొందిన బి.టి. ప్రత్తిని గులాబీరంగు పురుగు తరువాతి సంవత్సరములలో జయించినది. ఎరలు, మిత్రకీటకములు, పంటమార్పిడి కలసినప్పుడే పైరు నిలుచును.

పంచాయతీవారు విత్తు పనులకు ముందు రైతులను ఒకచోట చేర్చి, వ్యవసాయాధికారిని పిలిపించి, ఈ విషయములను చర్చింపజేయుదురుగాక. పురుగును తెలిసికొని వేసిన మందు ఒకటి చాలును. తెలియక వేసినవి పది యైనను చాలవు.