థైరాయిడ్ మాంద్యము, చెవిలో హోరు: మందు విషయమున నిర్ణయము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



వీధిదీపముల గూర్చియు, మురుగు కాలువల గూర్చియు మీ యొద్దకు వచ్చువారే తమ ఒంటి బాధలను కూడ మీతో చెప్పుకొనుచుందురు. వారికి మీరు వైద్యము చెప్పనక్కరలేదు. కాని ఎవరిని అడుగవలెనో, ఏమి అడుగవలెనో చెప్పగలిగినచో చాల మేలు చేసినవారగుదురు. అట్టి ప్రశ్న ఒకదానిని నేడు మీ ముందుంచుచున్నాను. ఒకరికి చెవిలో ఎడతెగని హోరు ఉన్నది. ఇంతలో రక్తపరీక్షలో థైరాయిడ్ మందగించినదని తేలినది. మాత్ర వేసికొనినచో హోరు పెరుగునా, తగ్గునా? పెరుగునను భయముతో అవసరమైన మందును మానివేయువారు కొందరు. చెవి బాగుపడునను ఆశతో అవసరము లేని మందును మ్రింగువారు మరికొందరు. ఇరువురును నష్టపడుచున్నారు.

కంఠమునకు ముందు భాగమున సీతాకోకచిలుక ఆకారములో నుండు చిన్న గ్రంథి థైరాయిడ్. అది అయోడిన్ సహాయముతో థైరాక్సిన్ మొదలగు రసములను తయారుచేసి రక్తములోనికి విడుచును. శరీరములోని పనులు ఏ వేగమున సాగవలెనో నిర్ణయించునవి ఆ రసములే. మెదడు అడుగున నున్న పిట్యూటరీ గ్రంథి దీనికి మేస్త్రీ వంటిది. థైరాయిడ్ పని మందగించిన కొలది మేస్త్రీ కేకలు హెచ్చును. ఆ కేకయే టి.ఎస్.హెచ్. కావున కాగితము మీద టి.ఎస్.హెచ్. అంకె పెరిగినదనగా సాధారణముగా థైరాయిడ్ తగ్గినదని అర్థము. "నాకు థైరాయిడ్ ఎక్కువగా ఉన్నదట" అని రోగి చెప్పుటలో తికమక అంతయు ఇచ్చటనే కలదు.

గ్రంథి మందగించినవారికి అలసట, చలికి ఓర్వలేకపోవుట, మలబద్ధకము, చర్మము పొడిబారుట, ఒళ్ళు బరువెక్కుట, గొంతు బొంగురుపోవుట, స్త్రీలకు ఋతుస్రావము అధికమగుట మొదలగునవి కలుగవచ్చును. కొందరికి వినికిడి కూడ తగ్గును. అయోడిన్ చాలినంత దొరకు ప్రాంతములలో దీనికి ముఖ్యకారణము శరీర రక్షణశక్తియే తన గ్రంథిని తాను దెబ్బతీయుట. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధి ఇదియే. అయోడిన్ ఉప్పు గ్రామమునకు అవసరమే, కాని ఈ వ్యాధి వచ్చిన పిమ్మట ఉప్పు ఎక్కువ తినుటచే అది కుదురదు.

కుదుర్చు మందు కలదు. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అను వైద్యుడు గొర్రె థైరాయిడ్ నుండి తీసిన రసమును 46 ఏండ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చెను. ఆమె 1919 వరకు, అనగా మరి 28 ఏండ్లు జీవించినది. నేడు గొర్రెతో పనిలేదు. అదే రసము లీవోథైరాక్సిన్ అను చిన్న మాత్రగా దొరకును. దీనిని "అలవాటగు మందు" అని నిందించుట తగదు. శరీరము చేయలేకపోవుచున్న వస్తువును బయటినుండి సమకూర్చుటయే ఇది.

ఇక నిర్ణయము. ఇరువురు వ్యక్తులను ఊహించుకొనుడు; ఇరువురికిని చెవిలో హోరు కలదు. మొదటి ఆమెకు టి.ఎస్.హెచ్. 40; రక్తములో థైరాక్సిన్ తగ్గిపోయినది; అలసటచే పొలమునకు పోలేకున్నది. ఈమె మందు వాడవలెను. ఇందు తర్జనభర్జనలకు తావులేదు. హోరు తగ్గినను తగ్గకున్నను గుండెకు, మెదడునకు, కండరములకు ఆ మందు కావలెను. రెండవవాడు 70 ఏండ్ల వృద్ధుడు, టి.ఎస్.హెచ్. 7, థైరాక్సిన్ సరిగానే యున్నది. ఇతడు తొందరపడి మందు మొదలుపెట్టనక్కరలేదు. రెండు మూడు నెలల తరువాత పరీక్ష మరల చేయించుకొనుట మేలు. ఇట్టి అంకె తనంతట తానే సరియగుటయు కలదు. ఐరోపాలో 65 ఏండ్లు దాటిన 737 మందిపై జరిగిన పరిశోధన 2017లో ప్రకటితమైనది. ఇట్టి స్వల్పదోషము గలవారికి మందిచ్చినను అలసట మొదలగు బాధలలో చెప్పుకోదగిన లాభము కనబడలేదు. టి.ఎస్.హెచ్. 10 దాటినచో వైద్యులు సాధారణముగా మందు వైపు మొగ్గుదురు. గర్భిణీ స్త్రీల లెక్క వేరు. వారు వేచియుండరాదు, వెంటనే వైద్యుని చూడవలెను.

ఇరువురి విషయమునను నిర్ణయమును చెవి చేయలేదు. రక్తమును, శరీరస్థితియు చేసినవి. మాత్రచే హోరు తగ్గునని ఎవరును హామీ ఇయ్యజాలరు. గ్రంథి మాంద్యము వలననే వినికిడి తగ్గినవారిలో కొందరికి మేలు కలుగును. మిల్లు రొదలో చెడిన చెవికి థైరాక్సిన్ ఏమి చేయగలదు? భయపడువారికి కూడ ఒక మాట చెప్పవలెను. ఈ మందు వలన కలుగు ఇబ్బందులు చాలవరకు మోతాదు మించినపుడు వచ్చునవి: గుండెదడ, చేతి వణకు, నిద్రపట్టకుండుట. నిద్రలేని రాత్రి హోరు పెద్దదిగా తోచును. ఒక్కొక్కప్పుడు నాడితోపాటు కొట్టుకొనునట్లు వినబడును. అట్టివారు మాత్రను పారవేయక, మోతాదు సరిచూపించుకొనవలెను. అందుచేతనే వృద్ధులకు, గుండెజబ్బు గలవారికి 25 మైక్రోగ్రాములు లేదా అంతకు తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదురు.

మాత్రను పరగడుపున నీటితో వేసికొని, అరగంట మొదలు గంట వరకు కాఫీ, టీ, ఫలహారము ముట్టరాదు. ఇనుము, కాల్షియము మాత్రలకు దీనికి నాలుగు గంటల ఎడముండవలెను. అంగన్‌వాడీలో ఇనుము మాత్రలు పుచ్చుకొను స్త్రీలకు ఈ సంగతి తప్పక తెలియవలెను. మోతాదు మార్చిన ఆరు మొదలు ఎనిమిది వారములకు గాని పరీక్ష ఫలితము నిలకడగా తెలియదు. పది దినములకే "గుణము లేద"ని మానుట పొరపాటు.

చెవిని విడిగా చూపించుకొనవలెను. గుబిలి, చీము, రొద, ముసలితనము, కొన్ని మందులు హోరునకు కారణములు. వెల్లుల్లి నూనె కాచి పోయుట మన యూళ్ళలో అలవాటు. కర్ణభేరికి చిల్లి ఉన్నచో అది హానికరము. ఒక్క చెవిలోనే హోరు ఉన్నను, అది నాడితో కలిసి కొట్టుకొనుచున్నను చెవి వైద్యుని చూడవలెను. వినికిడి హఠాత్తుగా పోయినచో ఒకటి రెండు దినములలోనే పోవలెను. కారణము దొరకని హోరునకు ఇంతవరకు నయము చేయు మాత్ర లేదు. కాని రాత్రివేళ పూర్తి నిశ్శబ్దముకంటె పంకా చప్పుడో, సన్నని రేడియో ధ్వనియో ఉన్నచో బాధ తక్కువగా తోచును. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము కూడ తోడ్పడును.

ఇందు పంచాయతీకి పని కలదు. 85 డెసిబెల్‌లకు మించిన రొదలో దినమునకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి పనిచేయువారికి వినికిడి చెడు ప్రమాదము కలదు. మీ యూరి ధాన్యపు మిల్లులో, రాళ్ళ క్రషరు వద్ద పనివారికి చెవి బిరడలు ఇచ్చుచున్నారా యని అడుగుడు. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలములలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ప్రభుత్వము సడలించు కొద్ది పండుగ దినములలో కూడ అర్ధరాత్రి దాటరాదు. ఈ నియమమును గ్రామసభలో చదివి వినిపించి, ఉత్సవ సంఘముల వారికి ముందుగానే వ్రాతమూలకముగా తెలియజేయుడు. పుట్టిన శిశువుల కాలిమడమ నుండి రక్తము తీసి థైరాయిడ్ చూచు ఏర్పాటు మీ పరిధిలోని ప్రసూతి ఆసుపత్రిలో ఉన్నదో లేదో కూడ, తదుపరి సమావేశమునకు వైద్యాధికారిని పిలిచి తెలిసికొనుడు.