ఎఱ్ఱకోట కఱ్ఱ వంతెన
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఊరినుండి వచ్చిన బంధువుల నెల్లరను మనము ఎఱ్ఱకోటకు తీసికొని పోవుదుము. లాహోరీ దర్వాజా పైనున్న జెండా వంక తలయెత్తి చూచుచు లోనికి నడచుదుము. కాళ్లక్రింది వంతెనను చూచువారు అరుదు. ఇన్నేండ్లుగా నేనును చూడలేదు. 2022 శీతకాలమున మా చిన్నవాడు పిట్టగోడపై నుండి వంగి, "నాన్నగారూ, ఇంత పెద్ద గొయ్యి ఎందుకు తవ్వారు?" అని అడిగెను. "గొయ్యి కాదురా, అగడ్త" అంటిని. ఆ మాట వాడెన్నడును వినలేదట. "మరి నీళ్లేవి?" అనెను. నేను చెప్పిన సమాధానము మిక్కిలి పేలవముగా నుండెను. దానిని సవరించుకొనుటకే నేడిట్లు నిలుచుంటిని.

1648లో షాజహాను ఈ కోటను పూర్తిచేసిననాడు యమున తూర్పుగోడ ననుసరించి పారుచుండెను. తక్కిన వైపుల అగడ్త. వెడల్పు 75 అడుగులు, లోతు 30 అడుగులు. అందు నీరు నిండి చేపలు తిరుగుచుండెడివని ఫ్రెంచి వైద్యుడు బెర్నియే వ్రాసినాడు. లాహోరీ, ఢిల్లీ దర్వాజాల ముందర దీనిని దాటుటకు ఎత్తివేయదగిన కఱ్ఱ వంతెనలుండెను. పగటివేళ బాట, ఆపదవేళ పైకి లాగినచో బాటయే లేదు.

ఐనను ఇట్టి వంతెన బయటి శత్రువు నాపునే కాని లోపలివాని నాపదు. 1788లో గులాం ఖాదిరు అను రోహిల్లా నాయకుడు లోపలివారి తోడ్పాటుతోనే కోట చొచ్చి, షా ఆలం చక్రవర్తిని అంధుని చేసెను. 1803లో ఢిల్లీ ఆంగ్లేయుల వశమయ్యెను. చక్రవర్తి వారిచ్చు భరణముపై బ్రదుకవలసివచ్చెను. ఆయన కుమారుడు రెండవ అక్బరు షా కాలమున, 1811లో, కఱ్ఱ వంతెనలకు మారుగా రాతి వంతెనలు వెలసెను. పని చేయించినవాడు రాబర్టు మాక్ఫర్సన్ అను ఆంగ్లేయుడు.

దస్త్రములలో నిది మరామత్తు పనిగానే కనబడును. కఱ్ఱ చివుకును, రాయి నిలుచును. మన కచేరీలోనైనను ఆ ప్రతిపాదనకు అడ్డుచెప్పువా రుండరు. కాని తన వాకిటి వంతెనను ఎప్పుడెత్తవలెనో నిర్ణయించు అధికారము లేని ప్రభువునకు ఎత్తుడు వంతెన యెందులకు? నాకు ఆ రాతి కమానులలో మరామత్తు కన్న ఆ సంగతియే ఎక్కువగా కనబడుచున్నది.

1857 మే 11న మీరట్టు రౌతులు యమునపై పడవల వంతెన దాటి వచ్చిరి. కోట రక్షకభటుల నాయకుడైన కెప్టెన్ డగ్లస్ ప్రాణభీతితో ఈ అగడ్తలోనికే దూకి, కాలు దెబ్బతిని, లాహోరీ దర్వాజాపైనున్న తన నివాసమునకు చేర్పబడి, అచ్చటనే హతుడయ్యెను. తరువాత పదేండ్లకు, 1867లో, ఇనుప వంతెన మీదుగా రైలు ఢిల్లీ చేరెను. నది క్రమముగా తూర్పునకు జరిగిపోయెను. అది పారినచోట నేడు రింగురోడ్డున్నది.

ఇక మా వాని సంగతి. 2023 జూలైలో, ఆ పాత ఇనుప వంతెన కడ యమున 208.66 మీటర్ల మట్టమునకు పొంగి, మునుపటి 1978 నాటి హెచ్చుమట్టమును మించి, రింగురోడ్డును ముంచి, కోట వెనుకగోడను తాకెను. ఆ సాయంకాలము నేను కచేరీనుండి వచ్చి చెప్పులైనను విడువకమునుపే వాడు పత్రిక చేతబట్టి ఎదురువచ్చి, "నాన్నగారూ, అగడ్తకు నీళ్లొచ్చాయా?" అని అడిగెను.