నడిపినంక చూడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున నేను బడి గేటులోకి రాగానే ఆ డుగ్ డుగ్ చప్పుడు విని మా బ్యాచోళ్లు నలుగురు బయటికొచ్చారు. "ఇది మీ బాపు బండి కదరా, ఇంకా నడుస్తున్నదా?" అన్నారు. నడుస్తున్నది. కానీ 2021 ఎండాకాలంలో నేనే దాన్ని చంపబోయాను. పది నిమిషాలు ఏదైనా పనికొచ్చే ముక్క చెప్పమన్నారు గనుక ఆ సంగతే చెబుతాను. ఉద్యోగాల కోసం ఖని విడిచిపోయిన మనలో చాలామందికి, ఇంటి దగ్గర తండ్రి బండి ఒకటి గోడ పక్కన దుమ్ము పట్టి ఉంటుంది.

మా బాపు బాయిల పంపు ఫిట్టర్. జీడీకే ఇంక్లైన్లలో మూడు షిఫ్టులూ చేసినోడు. బొగ్గు తీసినా తీయకున్నా బాయిల నీళ్లు ఊరుతూనే ఉంటాయి. సంపులో చేరిన నీళ్లను ఎప్పటికప్పుడు పైకి తోడెయ్యాలి. సమ్మెలో టబ్బులు ఆగినా పంపు డ్యూటీ ఆగదు. ఈ ఊరి పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. అయినా ఎందుకు చెప్పానంటే, పాత బుల్లెట్ ఇంజిన్ కూడా అట్లాంటి బాయే.

బుల్లెట్ ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టింది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. తిరువొత్తియూర్‌లో కార్ఖానా. రెడిచ్ కార్ఖానా 1967లో మూతపడింది గాని, మద్రాసువాళ్లు ఆ పాత ఇంజిన్‌నే కొద్దిపాటి మార్పులతో 2000 సంవత్సరం దాటినా చేస్తూ వచ్చారు. బాపుది 1986 మోడల్ 350. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి.

ఇప్పటి బండ్లలో ఆయిల్ ఇంజిన్ అడుగునే నిలువ ఉంటుంది. ఆ పాత ఇంగ్లీషు ఇంజిన్లలో ఆయిల్‌కు వేరే ట్యాంకు. ఒక పంపు ట్యాంకులోని ఆయిల్‌ను క్రాంకుకు పంపుతుంది. అక్కడ పని చేసి కిందికి జారిన ఆయిల్‌ను రెండో పంపు తోడి మళ్లీ ట్యాంకులో పోస్తుంది. పంపే పంపు కన్నా తోడే పంపు పెద్దది. కాబట్టి ఇంజిన్ నడిచినంతసేపూ అడుగున ఆయిల్ నిలవదు. నార్టన్, ట్రయంఫ్, బీఎస్ఏ బండ్లలో ఆ ట్యాంకు విడిగా ఉండి, పైపుతో ఇంజిన్‌కు కలుస్తుంది. బుల్లెట్‌లో మాత్రం ఇంజిన్ పోతలోనే, క్రాంకు వెనక ఒక గదిలాగ పెట్టారు.

చిక్కంతా బండి ఆగినప్పుడే. పంపు కాస్త అరిగిందంటే ట్యాంకులోని ఆయిల్ ఆ సందుల్లోంచి చుక్క చుక్కగా క్రాంకు గదిలోకి దిగుతుంది. తోడే పంపు అప్పుడు నిద్రలో ఉంటుంది. ఒక రాత్రికి ఏమీ కాదు. నెలలు నిలబడితే ట్యాంకు ఖాళీ, అడుగు నిండు. మన రామగుండం ఎండలకు ఆయిల్ పల్చబడి ఇంకా తొందరగా దిగుతుంది. ద్రవం తన మట్టం తాను వెతుక్కుంటుందని ఫిజిక్స్ సారు యూ ట్యూబు పట్టుకుని చూపించారు. ఆ పాఠంలో నాకు వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను.

బాపు 2020 జనవరిలో పోయాడు. మార్చిలో లాక్‌డౌన్. నేను మళ్లీ ఖనికి వచ్చేసరికి 2021 ఏప్రిల్. పదిహేను నెలలు బండి కదల్లేదు. ఇల్లు అమ్మకానికి పెట్టాం. అన్న, "బండిని పాత సామాన్లోడికి ఇచ్చేద్దాం" అన్నాడు. "నడిస్తే నేను తీసుకపోత. నడవకుంటే నీ ఇష్టం" అన్నాను.

కార్బురేటర్ కడిగాను. కొత్త పెట్రోలు పోశాను. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ చుక్క లేదు. ఎక్కడో కారిపోయిందనుకున్నాను. బండి కింద నేల మీద మరక లేదన్న సంగతి నాకు తట్టలేదు. లీటరున్నర తెచ్చి పోశాను. ఆ ఇంజిన్ మొత్తం పట్టేదే రెండుంబావు లీటర్లు.

కిక్కు రాయిలాగ ఉంది. చెమటలు పట్టినంక స్టార్టయింది. నీలి పొగ వాడంతా కమ్మింది. గాలిపైపులోంచి ఆయిల్ చిమ్మి గోడ మీద, నా ప్యాంటు మీద పడింది. పొగ పోతుందేమోనని ఇంకా రేజు చేశాను. అదీ నా తెలివి. ఒక సీలు తన్నుకొని వచ్చింది, బండి ఆగిపోయింది. అన్న ఏమీ అనలేదు. జేబులోంచి ఫోను తీశాడు.

ఒక్క రోజు ఆగమని బతిమాలి, లక్ష్మీనగర్ నుంచి ముసలి మేస్త్రీని పిలుచుకొచ్చాను. ఆయన బండిని ముట్టక ముందే అడిగాడు. "తమ్మీ, ఆయిల్ పోసినవా?"

"లీటరున్నర పోసిన."

"ఉన్న ఆయిల్ యాడికీ పోలే. కిందనే ఉన్నది. నువ్వు ఉన్నదాని మీద పోసినవ్."

ఇంజిన్ కింద డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి ఆయిల్ ధారగా పడింది. తట్ట నిండింది, ఇంకో తట్ట పెట్టాం. ఆయన పానా కోసం టూల్ బాక్సు తెరిచాడు. మూత లోపలివైపు పసుపు రంగు పెయింటుతో బాపు అక్షరాలు: "ఆయిల్ నడిపినంక చూడు."

ప్రతి ఆదివారం బాపు బండి స్టార్టు చేసి, అయిదు నిమిషాలు అట్లాగే నడిపి, ఆపినంకనే డిప్‌స్టిక్ తీసేవాడు. బండి మీద మురిపెం అనుకునేవాణ్ని. నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో చూడకుండా ఏ పంపునూ ముట్టని మనిషి, తన ఇంజిన్‌ను కూడా అట్లాగే చూసుకున్నాడు. ఆ మాట నాకు ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ మూత పట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను. అన్న ఫోను జేబులో పెట్టుకుని చాయ్ తేవడానికి పోయాడు.

మేస్త్రీ టైమింగ్ కవరు విప్పి, పంపు బిళ్లలను అద్దం మీద సన్నటి గ్రైండింగ్ పేస్టుతో రుద్ది సాపు చేశాడు. సీలు మార్చాడు. "తగ్గుతది, మొత్తం పోదు" అని ముందే చెప్పాడు. ఆయన చెప్పినట్టే అయింది.

ఇంగ్లండులో కొందరు పాత బండ్ల ఆయిల్ పైపుకు నల్లా బిగించుకుంటారు. ఆపినప్పుడు కట్టెయ్యాలి, నడిపేముందు తెరవాలి. తెరవడం మరిచిపోయారా, ఆయిల్ అందక ఇంజిన్ పట్టేస్తుంది. మతిమరుపు మనుషులకు అది పొగకన్నా పెద్ద ప్రమాదం. బుల్లెట్‌కు ఆ పైపే లేదు గనుక నాకా ఆలోచనే రాలేదు, మంచిదే అయింది.

మీలో ఎవరి ఇంట్లోనైనా అట్లాంటి బండి ఉంటే, డిప్‌స్టిక్ పొడిగా కనిపించగానే ఆయిల్ డబ్బా తేకండి. ముందు నేల చూడండి. మరక లేదంటే ఆయిల్ లోపలే ఉంది. నెలల తరబడి నిలబడిన బండికి అడుగు బోల్టు విప్పి మొత్తం దించెయ్యండి, ట్యాంకులో కొత్తది పోయండి. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వెయ్యండి. ఎందుకంటే అడుగున మునిగిన ఇంజిన్‌లోనే పైన సిలిండర్ గోడలు ఎండిపోయి ఉంటాయి. ప్లగ్గు లేకుండానే పది పదిహేను కిక్కులు మెల్లగా కొట్టి, తర్వాత ప్లగ్గు బిగించి స్టార్టు చెయ్యండి. వారం పది రోజులు ఆగిన బండికి ఇదంతా అక్కర్లేదు. స్టార్టయ్యాక కాసేపు పొగ వస్తుంది, రేజు చెయ్యకుండా వదిలేస్తే తోడే పంపు తన పని తాను చేసుకుంటుంది.

ఆ మూత మీద పెయింటు ఇప్పుడు కొద్దిగా పెచ్చులూడుతున్నది. నేను దిద్దలేదు. బండి బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాల తర్వాత చూడాలనుకునేవాళ్లు రండి. కిక్కు నేను కొడతాను, డిప్‌స్టిక్ మీరు తీయండి.