మూలమును, ప్రతులును
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, మన యువకులు ఇంటర్నెట్టునందు దానికొక వెబ్‌సైటును సిద్ధపరచుచున్నారు. గ్రామస్థులు తమ యిండ్లలోని పాత ఛాయాచిత్రములను, తాళపత్రములను, శిథిలమైన పుస్తకములను సెల్‌ఫోనుతో ఫొటో తీసి అందులకు పంపవచ్చును. సంకల్పము శ్లాఘనీయము. అట్లు వచ్చిన చిత్రములను ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను యంత్రశాస్త్రజ్ఞుడను గాను, లెక్కలు వ్రాయువాడను. అయినను, విచారించి చూడగా ఇదియు లెక్కల వ్యవహారమే.

కంప్యూటరు దృష్టిలో చిత్రమనగా బిందువుల పట్టిక. ఈ బిందువునే పిక్సెలు అందురు. ఫోను తీసిన చిత్రము అడ్డముగా 4000, నిలువుగా 3000 బిందువులు కలదనుకొందము. మొత్తము 1 కోటి 20 లక్షలు. ఒక్కొక్క బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పాళ్లు గలవు గనుక అంకెలు 3 కోట్ల 60 లక్షలు. వెబ్‌సైటులో చూచుటకు అడ్డము 800, నిలువు 600 చాలును. అనగా 4 లక్షల 80 వేల బిందువులు, మూలములో 25వ వంతు. జాబితాలో చూపు చిన్న చిత్రమునకు 200, 150 చాలును. అది 400వ వంతు. మూలమునే అందరికిని పంపినచో, పొలము గట్టున సిగ్నలు చాలక అవస్థపడు పాఠకునకు పుట తెరచుకొనదు. కావున కుదింపు అవసరమే. కుదించునపుడు అడ్డము, నిలువు ఒకే నిష్పత్తిలో తగ్గవలెను. లేనిచో తాతగారి ముఖము సాగి గుర్తు దప్పును.

ఇరువదియైదు బిందువులకు బదులు ఒక్కటి నిలుపుటకు రెండు మార్గములు గలవు. ఒకదానిని ఏరుకొని తక్కినవానిని పారవేయుట మొదటిది. అన్నిటి సగటును గట్టి నిలుపుట రెండవది. మొదటిది త్వరగా ముగియును గాని, సన్నని గీతలు మాయమగును. తాళపత్రమున 'ధ' అక్షరము క్రింది చిన్న గీత పోయినచో 'ధనము' కాస్తా 'దనము' అగును. సగటు మార్గమున గీత పలుచబడునేగాని నశింపదు. కావున సగటే శ్రేయస్కరము. వ్రాతపత్రములకు 800 బిందువుల వెడల్పును చాలదు; 2000కు తగ్గకుండ చూపవలెను.

ఇక జేపెగ్ పద్ధతి. ఫోనులలోని చిత్రములు పెక్కు ఈ పద్ధతిని దాచబడుచున్నవి. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావుగార్లు మువ్వురును కలసి ప్రకటించిన గణితప్రక్రియ దీనికి మూలము. 1992లో జేపెగ్ ప్రమాణము వెలువడినది. చిత్రమును 64 బిందువుల గడులుగా విభజించి, కన్ను అంతగా పట్టించుకొనని సూక్ష్మభేదములను ఇది విడిచివేయును. అందుచేతనే ఫైలు మిక్కిలి చిన్నదగును. కాని విడిచినది మరల రాదు. కుదించిన దానిని మార్చి మరల దాచినచో ఇంకను కొంత పోవును. వ్రాతప్రతికి ప్రతి, ఆ ప్రతికి మరియొక ప్రతి వ్రాయుకొలది తప్పులు పెరుగుట పండితులు ఎరిగినదే. కావున ప్రతి కుదింపును మూలమునుండియే చేయవలెను, కుదించిన ప్రతినుండి కాదు. మహాభారతమును ఒక పుటలో సంగ్రహింపవచ్చును. ఆ పుటనుండి పదునెనిమిది పర్వములను మరల వెలయింపగలమా?

ఫోను ప్రతి చిత్రములోపలను కంటికి కనబడని యొక చీటిని వ్రాసి పెట్టును. ఎగ్జిఫ్ అను ఈ పద్ధతి 1995లో జపానునందు ఏర్పడినది. ఫోనును నిలువుగా పట్టితిరా, అడ్డముగా పట్టితిరా అనునది అందులో ఉండును. అనుమతి యిచ్చియున్నచో, చిత్రము తీసిన చోటు అక్షాంశ రేఖాంశములతో సహా ఉండును. మొదట ఆ చీటిని చదివి చిత్రమును సరిగా త్రిప్పి, అటుపిమ్మటనే చీటిని తొలగించిన ప్రతిని ప్రకటింపవలెను. క్రమము తప్పినచో నిలుచున్న పెద్దలు పరుండినట్లగుదురు. తొలగింపకున్నచో, ఇంటిలో పసిబిడ్డలకు తీసిన ఫొటో ఆ యింటిజాడను లోకమునకెల్ల చెప్పును. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు దీనిని ప్రత్యేకముగా గమనింపగోరెదను.

పంపినవారెల్లరు సజ్జనులే యని నమ్మరాదు. ఫైలు పేరును బట్టి గాక, లోపలి తొలి అక్షరములను బట్టి జాతిని నిర్ణయింపవలెను. జేపెగ్ ఫైలు 255, 216 అను అంకెలతో ఆరంభమగును. తెరచుటకు ముందే కొలతలు చూడవలెను. అడ్డము 50,000, నిలువు 50,000 గల చిత్రము దాచినప్పుడు చిన్న ఫైలుగానే యుండవచ్చును. తెరచినచో 250 కోట్ల బిందువులై కంప్యూటరును ముంచివేయును. పంపినవారిని కుదింపు ముగియువరకు నిలువబెట్టక, ముట్టినట్లు వెంటనే తెలిపి, పనిని వరుసలో నుంచి పిదప చేయవలెను.

కడపటి మాట ఒకటి. చోటు చాలదని మూలములను తుడిచివేయుదమను మాట మనలో వినబడుచున్నది. లెక్క చూడుడు. ఒక్కొక్కటి 4 మెగాబైటులైనను పదివేల చిత్రములకు 40 గిగాబైటులే. అంగుష్ఠమాత్రమైన 64 గిగాబైటుల పెన్‌డ్రైవున అవి ఇముడును. ఇంత స్వల్పమునకై, ఏ యింటనో ఒక్కటే మిగిలిన ముత్తవ్వ రూపమును 25వ వంతునకు తగ్గించి తృప్తిపడుదమా? ఆ పాతఫొటో చెదల పాలైన నాడు మన యొద్దనున్నదే మూలమగును. కావున మూలమును ముట్టక, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచుటను గ్రంథాలయ నియమములలో చేర్పవలసినదిగా కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.