విజ్జీ గారు - మైకు ముందు విజయనగరం గొంతు



విజయనగరం వెళ్ళినవాళ్ళు విజ్జీ స్టేడియం పేరు వినే ఉంటారు. ఇదివరకు ఆ పేరు ఎవరో చెబితే వినడమే. ఇప్పుడు ఎక్కడైనా రాసి ఉంటే మీరే కూడబలుక్కుని చదవగలరు. 'వి', ఆ తర్వాత 'జ్జీ'. 'జ' కింద 'జ' వత్తు. బాగుంది. చదివాక ఒక ప్రశ్న రావాలి కదా. ఎవరీ విజ్జీ? ఆటల మైదానానికి ఆయన పేరు ఎందుకు పెట్టారు? ఈరోజు ఆ సంగతి చెప్పుకుందాం.

విజ్జీ అన్నది ముద్దుపేరు. అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న పుట్టారు. విజయనగరం రాజుగారికి రెండో కొడుకు. గద్దె అన్నగారికి దక్కింది. తమ్ముడు కాశీలో ఉన్న తమ ఎస్టేటుకు వెళ్ళిపోయారు. అక్కడ బంగళా ఆవరణలోనే క్రికెట్ మైదానం వేయించారు. 1926లో సొంత జట్టు కట్టారు. 1930-31లో ఇంగ్లండు నుంచి హాబ్స్, సట్‌క్లిఫ్ అనే మేటి ఆటగాళ్ళను రప్పించి, తన జట్టులో ఆడించారు. ఆట కోసం డబ్బును నీళ్ళలా ఖర్చు పెట్టారు.

1936లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళింది. ఆ జట్టుకు విజ్జీ గారే కెప్టెన్. ఆటలో ఆయన్ని మించినవాళ్ళు జట్టులో చాలామంది ఉన్నారు. సి.కె. నాయుడు ఉన్నారు. ఆయన మన దేశపు మొదటి టెస్టు కెప్టెన్, తెలుగు కుటుంబంవారు. లాలా అమర్‌నాథ్ ఉన్నారు. టెస్టుల్లో మన దేశం తరపున మొదటి సెంచరీ, అంటే నూరు పరుగులు, 1933లో చేసింది ఆయనే. అయినా హోదా, డబ్బు ఉన్న మనిషికే పెత్తనం దక్కింది.

తర్వాత ఏటయింది? మొదటి టెస్టు మొదలవకముందే అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ లేదని ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో మన జట్టు రెండు ఓడిపోయింది. ఆరుసార్లు బ్యాటు పట్టిన విజ్జీ గారు మొత్తం 33 పరుగులు చేశారు. కానీ ఆ పర్యటన నడుస్తుండగానే బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు 'సర్' బిరుదు ఇచ్చింది. తిరిగి వచ్చాక విచారణ జరిగింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ గారి సంఘం 1937లో తీర్పు చెప్పింది. అమర్‌నాథ్ తప్పు లేదని, కెప్టెన్ తీరే సరిగా లేదని తేల్చింది. విజ్జీ గారు మళ్ళీ టెస్టు ఆడలేదు.

అక్కడితో ఆయన కథ అయిపోలేదు. బ్యాటు వదిలిన మనిషి మైకు పట్టారు. ఆకాశవాణిలో క్రికెట్ వ్యాఖ్యాత అయ్యారు. వ్యాఖ్యాత అంటే, జరుగుతున్న ఆటను చూస్తూ చూడలేనివాళ్ళకు చెప్పే మనిషి. ఆ రోజుల్లో టీవీ లేదు. రేడియో చుట్టూ పదిమంది చేరి చెవులు రిక్కించేవారు. బంతి ఎవరు వేశారు, ఎటు పోయింది, ఎవరు పట్టారు, స్కోరు ఎంత, అన్నీ ఆ గొంతే చెప్పాలి. అప్పుడే రేడియో పెట్టినవాళ్ళ కోసం స్కోరు మళ్ళీ మళ్ళీ చెప్పాలి. వినేవాళ్ళకు కళ్ళు ఆయనే. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

1959లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళినప్పుడు బి.బి.సి. రేడియో కూడా విజ్జీ గారిని పిలిచి వ్యాఖ్యానం చెప్పించింది. ఎక్కడి విజయనగరం, ఎక్కడి లండను! అయితే ఆట వదిలేసి పాత కబుర్లలోకి వెళ్ళిపోతారని విమర్శ కూడా ఉండేది. ఆయనకు పులుల వేట సరదా. ఒకసారి ఆ వేట గురించి గొప్పగా చెబుతుంటే, వెస్టిండీస్ ఆటగాడు కన్హాయ్ ఇలా అన్నారట: "ట్రాన్సిస్టర్‌లో మీ వ్యాఖ్యానం పెట్టి వదిలేస్తే పులులు విసుగెత్తి చచ్చిపోయాయేమో అనుకున్నాను!" ఈ కథ క్రికెట్ లోకంలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

ఆయనకు వచ్చిన గౌరవాలు తక్కువేమీ కాదు. 1954లో దేశపు క్రికెట్ బోర్డుకు అధ్యక్షులయ్యారు. 1958లో పద్మభూషణ్ వచ్చింది. 1960లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. తర్వాత విశ్వవిద్యాలయాల క్రికెట్‌లో ఒక పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు.

మంచి పనులూ చెప్పుకోవాలి. తెల్లవాళ్ళు ఇచ్చిన 'సర్' బిరుదును 1947లో వదులుకున్నారు. 1936లో ఏ నాయుడు గారిని పక్కనపెట్టి తాను కెప్టెన్ అయ్యారో, ఆ నాయుడు గారినే 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టులో ఆడటానికి పిలిచారు. అప్పటికి నాయుడు గారి వయసు 61 ఏళ్ళు!

ఒక్క లోటు ఉంది. విజ్జీ గారు చెప్పింది ఇంగ్లీషులో. లండనులో వాళ్ళకు అర్థమైంది. కానీ విజయనగరంలో జట్కా తోలే మనిషికి, జూటు మిల్లు కూలీకి అర్థం కాలేదు. తర్వాత కాలం మారింది. 2018లో ఐ.పి.ఎల్. పోటీలను టీవీలో తెలుగులో కూడా చెప్పారు. ఆట మన మాటలో వినిపిస్తే అది మన ఆట అవుతుంది.

ఇదీ విజ్జీ గారి కథ. పేరు చదవగలగడం మంచిదే. ఆ పేరు వెనక ఉన్న మంచీ చెడూ రెండూ అడిగి తెలుసుకోవడం ఇంకా మంచిది.

సంక్రాంతికి మీ ఊళ్ళో కబడ్డీ పోటీలు జరుగుతాయి. మైకులో చెప్పడానికి ఒకరుంటారు. ఈసారి నల్లబల్ల మీద స్కోరు మీలో ఒకరు రాయండి. అక్కలైనా సరే, అన్నలైనా సరే. ఏ జట్టుకు ఎన్ని వస్తే అన్నే రాయండి. మన ఊరి జట్టు కదా అని ఒక్కటి కూడా కలపకండి.

సెలవు.