దూరయాత్రకు ముందుచూపు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



దూరపు కొండలు నునుపు అను సామెత ఈ సీమలో ఎరుగనివారు లేరు. దూరమునుండి చూచువానికి కొండ నున్నగా, నీలముగా కానవచ్చును. దగ్గరకు పోయినవానికే దాని రాళ్లును, ముండ్లును, నీరు దొరకని గుట్టలును తెలియును. యాత్రలకును ఈ మాట చెల్లును. నలుగురు పోవు తిరుపతికో కాశికో పోవువానికి దారి చెప్పువారు అడుగడుగున కలరు. ఒక బండి తప్పినచో మరియొక బండి వచ్చును. ఒక సత్రము నిండినచో మరియొక సత్రము కలదు. ఎవరును పోని చోటికి పోవువానికి అట్టి ఆధారము లేదు. అచ్చట జరుగు చిన్న పొరపాటు ప్రాణముమీదికి రావచ్చును. కావున దుర్గమ ప్రదేశములకు బయలుదేరువానికి ధైర్యముకంటె ముందుచూపు ముఖ్యము.

నేడు నల్లగొండ, పాలమూరు పల్లెలనుండి పిల్లలు చదువులకును కొలువులకును ఐరోపాకు పోవుచున్నారు. వారు పారిసు, లండను నగరములు చూచి తనివి తీరక, ఉత్తరపు మంచుదీవులను, జనసంచారములేని కొండసీమలను చూడగోరుచున్నారు. ఇంటివద్ద నున్న తలిదండ్రులను గూడ రమ్మని పిలుచుచున్నారు. ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనమును, వయసు మళ్లినవారి ఆరోగ్యమును అందు ఇమిడియున్నవి. అట్టి ప్రయాణమునకు వలయు సన్నాహమెట్టిదో విచారించుట ఈ ప్రసంగోద్దేశము.

ఈ విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. అప్పటికి ఈ దేశమున రైలు లేదు. సుమారు నూరుమంది పరివారమును, బోయీలను, డేరాలను వెంటబెట్టుకొని శ్రీశైలము సేవించి, కృష్ణ దాటి, పాలమూరు సీమలోని పానగల్లు, జడచర్లల మీదుగా వారు హైదరాబాదు చేరిరి. అచ్చటినుండి నాగపురము దారిని ప్రయాగ, కాశి, గయ, కలకత్తాలు చూచి, జగన్నాథముమీదుగా తూర్పుతీరము వెంబడి మరలిరి. త్రోవపొడుగున వారు మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాయుచు వచ్చిన లేఖలే, 1836లో వీరాస్వామయ్యగారు గతించిన పిమ్మట, 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యెను.

ఆ గ్రంథమునందు క్షేత్రమహిమలతోపాటు మరియొక సంగతి కానవచ్చును. మజిలీ మజిలీకి దూరమెంత, బాట రాతిదా ఇసుకదా, నీరు మంచిదా, అంగళ్లు కలవా, దిగుటకు చోటు దొరకునా అని వారు వ్రాసికొనిరి. శ్రీశైలమునకు పోవు యాత్రికులనుండి కందనూరు నవాబు పన్ను తీసికొనుటను గూడ తెలిపిరి. వెనుక వచ్చువాడు తెలిసికొనగోరు విషయములివియే. బాటసారి చూచి మెచ్చుకొనుటతో ఆగక, నీటి జాడను మరియొకనికి చెప్పినప్పుడే అతని యాత్ర పదిమందికి పనికివచ్చును.

అంత దూరము పోనక్కరలేదు. నల్లమలలోని సలేశ్వరమునకు పోయివచ్చినవారు ఈ సభలోనే పలువురుందురు. చైత్రపూర్ణిమకు ముందువెనుకల కొలదిదినములు మాత్రమే అచ్చటికి జనులను పోనిత్తురు. అది అమ్రాబాదు పులుల అభయారణ్యము. అటవీశాఖవారి అనుమతి లేనిదే కాలు పెట్టరాదు. బండ్లు కొంతదూరమే పోవును. పిమ్మట కాలినడకను కొండ దిగి, లోయలో జలధార క్రిందనున్న లింగమయ్యను దర్శింపవలెను. పోయినవారు ఏమి చేయుదురు? ముందటి యేడు పోయినవారిని అడుగుదురు. నీళ్లును సద్దిమూటయు కట్టుకొందురు. చెంచువారు చూపిన బాట వదలరు. ప్రొద్దు గ్రుంకకమునుపే మరలుదురు. ఋతువు, అనుమతి, ఆహారము, స్థానికుల మాట, మరలివచ్చు వేళ: ఈ ఐదును తెలిసినవానికి సలేశ్వరమైనను ఐరోపాలోని మంచుదీవియైనను పద్ధతి యొక్కటియే.

మొదటిది ఋతువు. ఉత్తర చూచి ఎత్తర గంప యని ఈ మెట్టసీమ సామెత. ఉత్తరకార్తెలోను వాన లేకున్న గంప యెత్తి వలసపోవలసినదే యని దాని భావము. కార్తెను చూచి కాలు కదుపుట ఈ సీమ రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. ఐరోపాలోను అదే న్యాయము. ఐస్లాండు దీవి నడిమి మన్నెపు బాటలు మంచు కరగిన పిమ్మట, జూను జూలై మాసములలో తెరచి, శరత్కాలమున మరల మూయుదురు. అందు పెక్కు వాగులకు వంతెనలు లేవు. నాలుగు చక్రములకును బలమందు వాహనములే పోవలెను. ఉత్తరధ్రువమునకు చేరువనున్న స్వాల్బార్డు దీవులలో, ముఖ్యపట్టణమైన లాంగియర్‌బ్యెన్‌నందు, ఏప్రిలు మూడవ వారమునుండి ఆగస్టు మూడవ వారము దాటువరకు సూర్యుడస్తమింపడు. నవంబరు నడుమనుండి జనవరి కడపటివరకు పగలన్నమాటయే యుండదు. చూడబోవునది ఏదో నిశ్చయించుకొని, దానికి తగిన మాసము నెన్నుకొనవలెను. సెలవు దొరికినదిగదాయని ఏ నెలలోనో పోయినచో మూసిన ద్వారమే కానవచ్చును.

రెండవది అనుమతి. ఐరోపాలోని 29 దేశములకు షెంగెన్ వీసా యొక్కటియే చాలును. ఇంగ్లండు, ఐర్లండు దేశములు అందు చేరలేదు. వానికి వేరుగా వీసా వలయును. షెంగెన్ వీసాకు ప్రయాణమునకు 6 నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. 15 దినములకు లోపుగా చేయరాదు. ఎక్కువ దినములుండు దేశమునకే దరఖాస్తు పెట్టవలెను. 180 దినములలో 90 దినములకు మించి యుండరాదు. తక్కువలో తక్కువ 30,000 యూరోలకు ఆరోగ్యభీమా చూపవలెను.

మారుమూల దీవులకు పోవువాడు ఇంకొక సూక్ష్మము గమనింపవలెను. ఫారో దీవులు డెన్మార్కు రాజ్యములోనివే యైనను షెంగెన్‌లో చేరలేదు. వీసామీద ఆ దీవులకు చెల్లునని ప్రత్యేకముగా వ్రాసియుండవలెను. స్వాల్బార్డు నార్వే యేలుబడిలో నున్నది. 1920 నాటి పారిసు ఒడంబడికలో భారతదేశము గూడ చేరియుండెను. అచ్చటనే నీ-ఓలెసుండ్ గ్రామమున 2008లో మన ప్రభుత్వము 'హిమాద్రి' పరిశోధనాకేంద్రమును తెరచెను. ఆ దీవులకు వీసా అక్కరలేదు. కాని నార్వేమీదుగా పోవువాడు దీవులకు పోవునప్పుడు షెంగెన్ దాటినవాడగును. మరలివచ్చుటకు రెండుసార్లు ప్రవేశింపనిచ్చు వీసా లేకున్న దారిలో చిక్కుపడును. ఇంతటి యాత్రయు ఒక్క ముద్రపై ఆధారపడియున్నది.

మూడవది ఆహారము, వస్త్రము, ఔషధము. ఇంటిదగ్గర అమ్మ కట్టియిచ్చు మూటలో ఏది చెల్లును, ఏది చెల్లదు అని ముందే తెలియవలెను. ఐరోపా సమాజ దేశములకు బయటిదేశములనుండి మాంసము, పాలతో చేసిన పదార్థములు తీసికొనిపోరాదు. నెయ్యియు, పాలకోవాయు విమానాశ్రయముననే తీసివేయుదురు. ధ్రువపత్రము లేని కరివేపాకునకును మామిడిపండ్లకును అదే గతి. అటుకులు, వేయించిన పప్పులు, పొడులు మేలు. మాత్రలను వైద్యుని చీటీతో, వాని పెట్టెలలోనే తీసికొనిపోవలెను. ఎండలకు పుట్టిపెరిగిన శరీరము గనుక ఉన్ని బట్టలును, గాలికిని వానకును ఆగు పైబట్టయు, జారని చెప్పులును తప్పనిసరి.

నాలుగవది స్థానికుల మాట. ఫారో దీవులలో కొన్ని కాలిబాటలు గొఱ్ఱెల కాపరుల భూములమీదుగా పోవును. నడచుటకు రుసుము పుచ్చుకొందురు. శ్రీశైలమున పన్ను చెల్లించిన నాటి యాత్రికుని తలచుకొని, దానినిగూడ లెక్కలో వ్రాసికొనవలెను. స్వాల్బార్డున ఊరు దాటి పోవువారు తెల్లయెలుగులను బెదరించు సాధనము వెంటనుంచుకొనవలెనని చట్టము కలదు. క్రొత్తవారు దారిచూపువానిని వెంటబెట్టుకొని పోవుటయే మేలు. నల్లమలలో చెంచువాని మాట వినినట్లే అచ్చట ఆతని మాట వినవలెను.

ఐదవది మరలివచ్చు వేళ. స్కాట్లండునకు పడమర, అట్లాంటిక్ సముద్రములో, దగ్గరి పెద్ద దీవులకు 60 కిలోమీటర్లకు పైబడిన దూరమున సెయింట్ కిల్డా యను దీవులు కలవు. వేల సంవత్సరములు జనులుండిన ఆ చోటును, మిగిలిన 36 మందియు 1930 ఆగస్టు 29వ తేదీన విడిచివచ్చిరి. వ్యాధియు, ఒంటరితనమును, చలికాలమున పడవ రాకపోవుటయు వారిని కదలించెను. నేడును వేసవిలో యాత్రికుల పడవలు పోవును. గాలి తిరిగినచో దీవిని కంటజూచియు దిగక మరలవలసి వచ్చును. నాగార్జునసాగరము నడుమ నున్న నాగార్జునకొండకు లాంచీలో పోయినవారికి, నీటిమీది ప్రయాణము గాలివానల చేతిలోనిదని తెలియును. అందుచేత దీవులకు పోవువాడు వచ్చుటకొకటి రెండు దినములు మిగులునట్లు లెక్క వేసికొనవలెను. దీవినుండి వచ్చు దినముననే హైదరాబాదు విమానమునకు టిక్కెట్టు కొనుట అవివేకము.

ఇంకొక మాట. ఎచ్చటికి పోవుచున్నదియు, ఎప్పుడు మరలునదియు ఒకరికి చెప్పి పోవలెను. ఐస్లాండున రక్షకదళములవారు యాత్రికులనుండి ముందుగనే ప్రయాణక్రమమును వ్రాయించి యుంచుకొందురు; మరలిరానివానిని ఎచ్చట వెదకవలెనో అందువలన తెలియును. ఆపదలో పిలువవలసిన సంఖ్య ఐరోపా యంతటను 112. ఈ దేశముననుగూడ అదియే సంఖ్య. ఆ మూడంకెలు వృద్ధులైన తలిదండ్రులకును నేర్పి పంపవలెను.

ఈ సన్నాహమునకు గ్రంథాలయము చేయదగిన సాయమేమి? ధనవంతుడు దళారికి సొమ్మిచ్చి తెలిసికొనును. బీదవాని బిడ్డకు గ్రంథాలయమే దిక్కు. గోడకొక ప్రపంచపటము, బల్లమీద ఐరోపా దేశముల పటములు, 'కాశీయాత్ర చరిత్ర'వంటి యాత్రాగ్రంథములు ఒక బీరువాలో నుండవలెను. వానితోపాటు తెల్లకాగితముల పుస్తకమొకటి యుంచవలెను. సలేశ్వరమునుండి వచ్చినవాడైనను, స్వాల్బార్డునుండి వచ్చినవాడైనను, ఏ మాసమున పోయెనో, ఎంత ఖర్చయ్యెనో, ఏ కాగితము అడిగిరో, నీరెచ్చట దొరకెనో, ఎచ్చట చిక్కుపడెనో తేదీ వేసి అందు వ్రాయవలెను. వీసా నిబంధనలును, బాటలు తెరచు దినములును మారుచుండును గనుక, పాత మాటను కొట్టివేసి క్రొత్తది వ్రాయు బాధ్యత గ్రంథపాలకునిది.

వీరాస్వామయ్యగారి లేఖలను శ్రీనివాసపిళ్లగారు భద్రపరచి అచ్చువేయించుటచేతనే పాలమూరు బాటలు 1830లో ఎట్లుండెనో నేటివారికి తెలియుచున్నది. ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగునాటికి ఆ తెల్లకాగితముల పుస్తకము నిండియుండును గాక. క్షేమముగా పోయి, క్షేమముగా మరలివచ్చిన ఈ గ్రామపు బిడ్డల చేవ్రాలు ప్రతి పుటయందును ఉండును గాక.