తక్కువ ధరలో పిస్టల్ దొరుకుతుందా? మన ఏజెన్సీలో రోజూ వెంట ఏం ఉంచుకోవాలి?

ఈరోజు ఎపిసోడ్ కొంచెం సీరియస్‌గా ఉంటుంది, చివరిదాకా వినండి.

"అన్నా, తక్కువ బడ్జెట్‌లో మంచి పిస్టల్ ఏదన్నా చెప్పు, రోజూ దగ్గర పెట్టుకోడానికి." ఈ మాట నన్ను అరకు సంతలో అడిగారు, పాడేరులో అడిగారు, డుంబ్రిగుడ నుంచి ఫోన్ చేసి కూడా అడిగారు. అడిగినవాళ్లు రౌడీలు కాదు. ఒకడు కాఫీ గింజలు అమ్మిన డబ్బు పట్టుకుని చీకట్లో బైక్ మీద ఇంటికెళ్లే తమ్ముడు. ఇంకొకామె నైట్ డ్యూటీ చేసి ఘాట్ రోడ్డు దిగే చెల్లి. వాళ్ల భయం నిజమే. నవ్వి వదిలేసే ప్రశ్న కాదు కాబట్టి లెక్కలతో మాట్లాడుకుందాం.

ముందు ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మన ఫోన్లో అమెరికా వీడియోలు వస్తాయి. "300 డాలర్లలో బెస్ట్ పిస్టల్" అని ఒకాయన టేబుల్ మీద పది తుపాకులు పెట్టి చూపిస్తాడు. గ్లాక్, టారస్ అని పేర్లు చెప్తాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో షాపుకెళ్లి, చెకింగ్ అయ్యాక కొనుక్కోవచ్చు. ఇక్కడ ఆ లెక్క ఒక్కటి కూడా పనిచేయదు. మామూలు జనం విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం మన దేశంలో 1980ల నుంచే ఆగిపోయింది. పేరున్న షూటింగ్ క్రీడాకారులకి మాత్రమే మినహాయింపు. పైగా ఆ వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా 9 ఎంఎం. మన దగ్గర అది ప్రొహిబిటెడ్ బోర్ కింద చూస్తారు, అంటే మామూలు మనిషికి లైసెన్స్ ఇవ్వని రకం.

మరి మన దేశంలో చట్టప్రకారం ఏం దొరుకుతుంది? ఎక్కువగా పాయింట్ 32 రివాల్వర్. 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసం అని "నిర్భీక్" అనే రివాల్వర్ తెచ్చింది. అరకిలో బరువు, ఆరు తూటాలు. అప్పట్లోనే దాని ధర సుమారు 1 లక్షా 22 వేలు. తర్వాత 2023లో అదే కాన్పూర్ నుంచి "ప్రబల్" అని ఇంకొకటి వచ్చింది. అదీ పాయింట్ 32నే. లక్ష పైన అంటే కొత్త బైక్ డబ్బు. "తక్కువ బడ్జెట్" అనే మాట ఇక్కడే అయిపోయింది.

డబ్బు ఉందనుకుందాం. లైసెన్స్ కావాలి. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాలు, ఈ రెండూ చూడాలి. వయసు 21 నిండాలి. మన జిల్లా అయితే పాడేరులో కలెక్టర్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలి. పోలీసులు ఎంక్వైరీ చేస్తారు. శారీరకంగా, మానసికంగా బాగున్నావని డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. తుపాకీ జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి. నీకు ప్రాణభయం ఎందుకుందో చెప్పాలి. "రాత్రి రోడ్డు మీద భయమేస్తది" అంటే ఒప్పుకోవడం కష్టం. అధికారి కాదనొచ్చు.

లైసెన్స్ వచ్చిందే అనుకుందాం. ఎన్నికలొచ్చినప్పుడు తుపాకీ తీసుకెళ్లి స్టేషన్లో అప్పగించమంటారు. లైసెన్స్ మన రాష్ట్రం వరకే అని రాసి ఉంటే, ఒడిశాలో అడుగు పెట్టినా కేసే. మన వాళ్లకి పాడువా, జైపూర్, కోరాపుట్ వెళ్లడం అంటే పక్కింటికి వెళ్లినట్టే కదా. చుట్టాలు అటు సగం, ఇటు సగం. రోజూ జేబులో పెట్టుకుని తిరగడం అనేది మన జీవితానికి ఎలా కుదురుతుంది?

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. లీగల్‌గా ఖరీదెక్కువ అని తెలిశాక కొంతమంది వేరే దారి చూస్తారు. "ఎవరో ఉన్నారంట, పదిహేను వేలకి ఇస్తారంట." ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో ఫోటోలు పెట్టి అడ్వాన్స్ పంపమనేవాళ్లు ఉంటారు. రెండే జరుగుతాయి. ఒకటి, డబ్బు పోతుంది, తుపాకీ రాదు. పోలీసులకి చెప్పుకోలేవు, ఎందుకంటే నువ్వు కొనబోయిందే నేరం. రెండోది ఇంకా ఘోరం, తుపాకీ నిజంగానే వస్తుంది.

లైసెన్స్ లేని తుపాకీ దగ్గరుంటే శిక్ష ఎంతో చాలామందికి తెలీదు. 2019 డిసెంబర్‌లో చట్టం మార్చారు. ఇప్పుడు తక్కువలో తక్కువ 2 ఏళ్లు, 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా కూడా. ప్రొహిబిటెడ్ రకం అయితే 7 ఏళ్ల నుంచి 14 ఏళ్లు. కాల్చక్కర్లేదు, దగ్గర ఉంటే చాలు. కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి, ఆర్మీకి పరుగు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారు! ఆయుధాల కేసు ఒక్కటి మెడకి పడితే వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతారు.

ఇక నమ్మకం సంగతి. కంపెనీ తుపాకీ షాపుకి వచ్చేముందు ప్రూఫ్ టెస్ట్ చేస్తారు. మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటా పేల్చి చూస్తారు. గొట్టం తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. నాటు తుపాకీకి ఆ పరీక్ష ఎవడు చేస్తాడు? ఇనుము ఏదో తెలీదు, అతుకు ఎలా ఉందో తెలీదు. వెనక్కి పేలితే ముందు పోయేది పట్టుకున్నవాడి చెయ్యి, కన్ను. అవసరం వచ్చినప్పుడు పేలదు, అవసరం లేనప్పుడు పేలుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నేను వేరే చెప్పక్కర్లేదు.

మన ఏజెన్సీకి ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని జాగ్రత్తగా వినండి. 2019 మార్చిలో పెదబయలు మండలంలో ఇద్దరు గిరిజనులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసులు ఎదురుకాల్పులు అన్నారు. ఊరివాళ్లు, వాళ్లు వేటకి నాటు తుపాకులు పట్టుకెళ్లిన మామూలు మనుషులు అన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఒకటి మాత్రం మనకి తెలుస్తుంది. కూంబింగ్ జరిగే అడవిలో, చీకట్లో, చేతిలో తుపాకీ ఉన్నవాడు ఎవరనేది ఎదుటివాడు ఆగి అడగడు. అక్కడ తుపాకీ కాపాడదు, నిన్ను గురిగా మారుస్తుంది.

"కానీ అన్నా, తుపాకీ ఉంటే ధైర్యం కదా" అంటారు. 2018 సెప్టెంబర్ 23 గుర్తుందా? డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అప్పటి అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని మావోయిస్టులు చంపారు. వాళ్లకి గన్‌మెన్ ఉన్నారు, ట్రైనింగ్ అయినవాళ్లు. గుంపుగా వచ్చినవాళ్లు ముందు చేసిన పని ఆ గన్‌మెన్ ఆయుధాలు లాక్కోవడం. ట్రైనింగ్ ఉన్నవాళ్ల పరిస్థితే అది. సంచిలో రివాల్వర్ పెట్టుకుని, ఏడాదికోసారి కూడా కాల్చని మనం ఏం చేయగలం?

"మనది అల్లూరి జిల్లా అన్నా" అని కూడా అంటారు. అవును, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు. తీసుకెళ్లినవాటి లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారని మన పెద్దలు గొప్పగా చెప్తారు. అది జనం కోసం చేసిన యుద్ధం. దొంగతనంగా కొన్న తుపాకీని చొక్కా కింద దాచుకోవడానికి ఆయన పేరు వాడకండి.

సరే, మరి మన రోడ్ల మీద నిజంగా ఏం జరుగుతుంది? మీరే గుర్తు చేసుకోండి. చీకట్లో పాము. తెల్లవారుజామున ఎలుగు. పొగమంచులో అనంతగిరి ఘాట్ మలుపులో లారీ. తాగి దారికి అడ్డం నిలబడేవాడు. డబ్బు కోసం వెంటపడేవాడు. వీటిలో పాముకి, పొగమంచుకి పిస్టల్‌తో పనే లేదు. ఎలుగుకైతే పాయింట్ 32 చిన్న తూటా, దెబ్బ తిన్న ఎలుగు ఇంకా మీదకొస్తుంది. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి జీడితోటల్లో ఎలుగు దాడి చేసినప్పుడు చూశాం కదా అది ఎంత భయంకరమో. ఎలుగు చాలావరకు ఉలిక్కిపడి దాడి చేస్తుంది. ఇప్పపూల సీజన్లో తెల్లవారక ముందే చెట్టు కిందకి మనమూ వెళ్తాం, అదీ వస్తుంది. గుంపుగా వెళ్లండి, మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ వెళ్లండి. మనం వస్తున్నట్టు ముందే తెలిస్తే అది పక్కకి తప్పుకునే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు నా లిస్టు చెప్తాను. అన్నీ కలిపి సుమారు వెయ్యి రూపాయల్లో అయిపోవాలి.

మొదటిది టార్చ్ లైటు. ఫోన్ లైటు కాదు, విడిగా టార్చ్. ఎందుకంటే ఫోన్ చార్జింగ్ మనకి ఫోన్ చేయడానికి కావాలి. 200, 300 ల్యూమెన్లు చాలు. డబ్బా మీద లక్షల ల్యూమెన్లు అని రాసి ఉంటే నమ్మొద్దు. వానకి తట్టుకోవాలి. కరెంటు సరిగ్గా ఉండని ఊరైతే సంతలో దొరికే పెన్సిల్ సెల్స్‌తో పనిచేసేది తీసుకోండి. బైక్ మీద తిరిగేవాళ్లకి, అడవి దారిలో నడిచేవాళ్లకి తలకి కట్టుకునే లైటు ఇంకా మంచిది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఎదురొచ్చేవాడి కళ్లలో ఒక్కసారి లైటు కొడితే, పరుగెత్తడానికి నీకు రెండు సెకన్లు దొరుకుతాయి.

రెండోది కర్ర. నవ్వకండి. ఆయుధాల చట్టంలోనే రాసుంది: ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే వాడే వస్తువులు ఆయుధాలు కావు అని, దానికి ఉదాహరణగా లాఠీ, చేతికర్ర అని పేరు పెట్టి మరీ రాశారు. మన తాతలు కర్ర లేకుండా దారి పట్టలేదు. ముందు గడ్డి మీద తడుతూ నడిస్తే పాము తప్పుకుంటుంది. జారే రాయి మీద కాలు నిలబడుతుంది.

మూడోది పెప్పర్ స్ప్రే, ముఖ్యంగా ఒంటరిగా తిరిగే చెల్లెళ్లకి. లైసెన్స్ అక్కర్లేదు. మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఎక్స్‌పైరీ డేట్ చూడండి. బ్యాగు అడుగున కాదు, చేతికందే చోట పెట్టండి. మన కొండల మీద గాలి ఎక్కువ, గాలికి ఎదురుగా కొడితే మీ కళ్లలోనే పడుతుంది. విమానంలో చేతి సంచిలో మాత్రం పెట్టొద్దు.

నాలుగోది ఈల. యాభై రూపాయల లోపే. సిగ్నల్ లేని చోట మీ గొంతు కంటే దూరం వినిపిస్తుంది. ఈల మూడుసార్లు ఊదితే ఆపద అని ఊళ్లో అందరూ ముందే ఒక మాట అనుకోండి.

ఐదోది మీ చేతిలో ఉన్న ఫోనే. 112 నంబరు. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా, ఇంకో కంపెనీ టవర్ అందుతుంటే ఎమర్జెన్సీ కాల్ దాని మీద వెళ్లే అవకాశం ఉంది, అందుకే ఒకసారి ప్రయత్నించండి. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆన్ చేసుకోండి. ఆడపిల్లలకి 181, అంబులెన్స్‌కి 108. ఆన్‌లైన్లో డబ్బు మోసపోతే 1930. పాము కరిస్తే మంత్రం దగ్గర టైమ్ వేస్ట్ చేయకుండా విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక కాఫీ డబ్బు పట్టుకెళ్లే తమ్ముడికి ఒక మాట. దొంగ వచ్చేది డబ్బు కోసం. ఆ డబ్బు జేబులో లేకపోతే నీ వెంట ఎందుకు పడతాడు? అమ్మిన చోటే డబ్బు బ్యాంకు ఖాతాలో వేయమని అడుగు. నగదు తప్పదంటే పగలే బయల్దేరు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ఎంత వచ్చిందో సంతలో చెప్పుకోకండి.

చివరిగా ఒకటి. నీ మీద ఎవడైనా దాడి చేస్తే తిరగబడే హక్కు చట్టం ఇచ్చింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. అవసరానికి మించి చేయకూడదు, అంతే. ఆ హక్కుకి తుపాకీ ఉండాలని ఎక్కడా రాయలేదు.

కాబట్టి నన్ను అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. మన దగ్గర చవకైన, నమ్మకమైన, చట్టప్రకారం ఉన్న పిస్టల్ అంటూ ఏదీ లేదు. చట్టం ఒప్పుకునేది చవక కాదు. చవకగా దొరికేది నమ్మకం కాదు, పైగా జైలుకి దారి. ఎవరైనా మీ ఫ్రెండ్ "ఒకటి చూస్తున్నా రా" అంటుంటే ఈ వీడియో పంపండి. పోలీసుల కంటే ముందు మనం చెప్తే వింటాడు. ఇంట్లో తాతల నాటి నాటు తుపాకీ అటక మీద ఉంటే, దాన్ని దాచిపెట్టొద్దు, అమ్మొద్దు. ముందు ఒక లాయర్‌ని కలిసి, ఊరి పెద్దలని వెంటబెట్టుకుని అప్పగించే దారి చూసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఘాట్ రోడ్డు మీద పొగమంచులో బైక్ ఎలా నడపాలో మాట్లాడుకుందాం. అప్పటిదాకా చీకటి పడకముందే ఇంటికి చేరండి. జాగ్రత్త ఫ్రెండ్స్, ఉంటాను.